ఎనుము ఈనిందా అని అడిగిన మాట

యుద్ధాల మీద నంద్యాల లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. బడి చదువు మధ్యలోనే ఆగినా, ఏ దళం ఏ నది దాటిందో ఇప్పుడు చెప్పగలను. మా పల్లెల నుంచి వెళ్లిన జవాను నోటి మాట మాత్రం వాటిలో ఒక్కటీ కనబడలేదు. రుద్రవరంలో అలాంటి మనిషి ఒకరున్నారు. ఎనభైకి దగ్గరపడ్డారు, నాలుగు మాటలకే ఆయాసం. ఆయన చెప్పింది ఇప్పుడు దాచకపోతే ఇక దొరకదు. ఇది రాయడం అందుకే.

ఆదివారాలు బస్సెక్కి వెళ్లి ఆయన మాటలు సెల్‌ఫోన్‌లో రికార్డు చేసేవాణ్ణి. ట్రైనింగు, చలి, మెస్సులో చపాతీలు, అన్నీ నవ్వుతూ చెప్పేవారు. ఆయన పక్కనే పోరాడి చనిపోయిన, బండి ఆత్మకూరు అనే ఊరి స్నేహితుడి దగ్గరికొచ్చేసరికి హిందీలోకి మారిపోయేవారు. నాకు హిందీ రాదు.

“పెదనాయనా, తెలుగులో చెప్పు.”

“ఆడ తెలుగులో ఏం జరిగిందని చెప్పల్ల? హుకుం హిందీ, తిట్లు హిందీ. అన్ని పుస్తకాలు చదివినోడివి గదా, నేర్చుకోపో!”

ఆ స్నేహితుడి భార్య ఆళ్లగడ్డలో తమ్ముడింట్లో ఉంటుంది. రికార్డింగు వినిపిస్తే, హిందీ రాగానే ఫోను నా చేతిలో పెట్టేసింది.

“నాకు కావాల్సిందే నాకు తెలీకుండా చెప్తాండాడు. నన్ను ఆడికి పిల్చుకోని పో నాయనా.”

మరుసటి ఆదివారం తీసుకెళ్లాను. ఫోను మంచం మీద పెట్టాను. ఆయన అలవాటు ప్రకారం హిందీలో మొదలుపెట్టారు.

“అన్నా,” అందామె, “పోయేటప్పుడు ఆయప్ప ఏమన్న్యాడు? నాకర్థమయ్యేట్టు చెప్పు.”

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు, మళ్లీ తుడుచుకున్నారు.

“వాడు కడాకు మాట్లాడింది తెలుగేనమ్మా. నిన్ను తల్చుకోలే. ఇంటికాడ ఎనుము ఈనిందో లేదో అన్న్యాడు, అంతే. ఆ మాట పెండ్లాంతో ఎట్ల చెప్పల్ల? అందుకే ఇన్నేండ్లు నీకు మొగం చూపీలే.”

ఆమె నవ్వింది.

“పిచ్చోడివన్నా. ఆ ఎనుము మా పుట్టింటోళ్లు నాతో పంపిచ్చింది. ‘నువ్వూ అదీ ఒకటే’ అని నన్ను దినామూ ఎగతాళి చేసేటోడు.” తర్వాత ఫోను మీదికి వంగి మెల్లగా అంది: “ఈనింది. పెయ్యదూడ.”

రికార్డింగును తన కంప్యూటర్లో కూడా దాచిన సెల్‌ఫోన్ షాపతనికి, ఒక కాపీకి చోటిచ్చిన లైబ్రేరియన్ గారికి, వెళ్లినప్పుడల్లా మజ్జిగ ఇచ్చిన రుద్రవరం ఇంటి కోడలికి కృతజ్ఞతలు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయలేదు. స్నేహితుడి భార్య ‘పెయ్యదూడ’ అనగానే నేను ఫోను ఆపబోతే, “ఉండప్పా, ఇంగేమన్నా చెప్తాదేమో” అని నా చేయి పట్టుకున్న ఆ పెద్దాయనకు కూడా.