సుక్రా మావ గిల్లేసిన చుక్కల మొక్క

నిన్న పొద్దున్న షట్టర్ సగం ఎత్తానో లేదో, ఫోన్. సుక్రా మావ కొడుకు.

"అక్కా, తెల్లారి అయ్య పోనాడు" అన్నాడు.

"ఏ అయ్యరా?" అని అడిగాను. చూడండి నా పిచ్చి ప్రశ్న. వాడికున్నది ఒక్కడే అయ్య కదా.

ఆ సగం షట్టర్ కింద అలాగే వంగుని ఉండిపోయాను. మొన్న శుక్రవారమే కదా సంతలో కనబడ్డాడు!

మావ ఎవరో తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మాది విజయనగరం. పెళ్లయ్యాక అరకు వచ్చి జిరాక్స్ షాపు పెట్టుకున్నాం. మావది అనంతగిరి వైపు గిరిజన ఊరు, కాఫీ రైతు. ప్రతి శుక్రవారం సంతకొచ్చి సంచులు మా షాపులో దింపి తిరిగేవాడు.

ఇక్కడ అదో పద్ధతి. సంచులు ఎవరి షాపులో పెడితే వాళ్లు చుట్టాల కిందే లెక్క. నేను మావా అనేదాన్ని. ఆయన నన్ను గుంటా, అంటే పిల్లా, అనేవాడు, నాకు ఇద్దరు పిల్లలున్నా సరే.

పోయినేడు వైజాగ్ నర్సరీలో ఒక పోల్కా డాట్ మొక్క కొన్నాను. పచ్చటి ఆకు మీద గులాబీ చుక్కలు. వానాకాలం మంచు దిగితే ఇక్కడ ఎదురు షాపు కూడా కనపడదు. రోజంతా మెషిన్ సౌండ్ వింటూ కూర్చునే నాకు కౌంటర్ మీద ఆ పింక్ ఒక్కటే హుషారు. పిల్లలకన్నా ఎక్కువ చూసుకున్నాను. డౌట్ ఉంటే మా ఆయన్ని అడగండి.

మావ మొదటిసారి చూసి తెగ నవ్వాడు. "ఏటి గుంటా ఇది, ఎవలో రంగు సిమ్మినట్టుంది. దీనికి నీడ కావాల. లోపలెట్టు."

కాఫీ మనిషి కదా. ఆయన లెక్కలో ఏ మొక్కయినా పెద్ద చెట్ల నీడలోనే బతకాలి. నేనూ సరేనని పేపర్ బండిళ్ల వెనక అరలో పెట్టాను. మూడు వారాలకి చుక్కలన్నీ మాసిపోయి, సన్నగా సాగిపోయి, అచ్చం తోటకూరలా తయారైంది.

అది చూసి మావ నెత్తి కొట్టుకున్నాడు. "నా బుర్రంతా కాఫీయే గుంటా. దీనికి ఎలుగు కావాల" అని తనే మోసుకొచ్చి గ్లాసు తలుపు పక్కన పెట్టాడు, ఎండ నేరుగా తగలని చోట. కొత్త ఆకులు మళ్లీ పింక్‌గా వచ్చాయి.

మట్టిలో వేలు పెట్టి చూసి, పైన పొడిగా ఉంటేనే నీళ్లు పొయ్యమన్నాడు. చలికాలం సాయంత్రాలు తలుపు దగ్గర్నించి జరపమన్నాడు. శుక్రవారం వస్తే ముందు మొక్కని పలకరించేవాడు, తర్వాతే నన్ను.

తర్వాత దానికి పూలొచ్చాయి. చిన్న చిన్న ఊదా పూలు. నేను స్టేటస్ పెట్టాను, మీలో చాలామంది సూపర్ అన్నారు కూడా.

ఆ శుక్రవారం షాపు నిండా జనం. నేను మెషిన్ దగ్గర్నించి తిరిగి చూసేసరికి మావ ఆ పూలన్నీ గిల్లేసి, కొమ్మల చివర్లు కూడా తుంచేసి నిలబడ్డాడు. మొక్క సగమైపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? ఇదేమన్నా నీ తోటా? మీ అడివి పనులు నా షాపులో పెట్టకు!" అని అరిచాను.

అవును. అడివి పనులు అన్నాను. షాపులో ఉన్నవాళ్లలో సగం మంది ఆయన ఊరి వైపు వాళ్లే.

మావ చేతిలోని పూలు కౌంటర్ మీద పెట్టాడు. "తప్పయిపోనాదమ్మా" అన్నాడు.

గుంటా అనలేదు.

సంచులు తీసుకుని వెళ్లిపోయాడు. పై వారం నుంచి ఆయన సంచులు ఎదురుగా చెప్పుల షాపులో.

నెల తిరక్కుండా, గిల్లిన ప్రతి చోటా రెండేసి చిగుళ్లు. మొక్క గుబురుగా, ఎప్పుడూ లేనంత అందంగా వచ్చింది. అప్పుడు ఫోన్లో వెతికాను. పూలు వదిలేస్తే ఆ మొక్క నీరసించిపోతుందట, ఒక్కోసారి చచ్చే పోతుందట. మొగ్గలోనే గిల్లెయ్యాలట, చివర్లు తుంచాలట. ఏళ్ల తరబడి కాఫీ మొక్కల్ని పెంచిన చెయ్యి అది. దానికి తెలిసింది, నాకు తెలియలేదు.

సరే, తెలిసింది కదా. వెళ్లి చెప్పొచ్చు కదా? రోడ్డు దాటితే చెప్పుల షాపు.

ఆరు శుక్రవారాలు పోయాయి. ఓసారి బేరం, ఓసారి కరెంటు లేదు. ఓసారి ఉత్త పొగరు, ఆయనే రావచ్చుగా అని. మొన్న శుక్రవారం మావ వానలో చెప్పుల షాపు ముందు నిలబడి మా షాపు వైపు చూశాడు. నా చేతిలో ఇంకో నాలుగు పేజీలున్నాయి. అవి అయ్యాక వెళ్దాం అనుకున్నాను. అయ్యేసరికి ఆయన ఎక్కిన జీపు వెళ్లిపోయింది.

నాలుగు పేజీలండీ.

నిన్న వాళ్ల ఊరెళ్లాను. గుండె ఆగిపోయిందన్నారు. అత్త నన్ను చూడగానే చేతులు పట్టుకుని ఏడ్చింది. "సంతకెల్తే నీ కాడే కూకుండేవోడు కదమ్మా మీ మావ. నీకూ ఎంత కష్టం వొచ్చినాది" అంది.

ఆవిడకి ఏమీ తెలీదు. మావ ఇంట్లో చెప్పనేలేదు. నేనన్న ఆ మాటని ఇన్ని వారాలూ తన దగ్గరే ఉంచేసుకున్నాడు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆవిడ ఏడుపులో నా గోల ఎందుకులే అని మళ్లీ మూసుకున్నాను. దినాలకి వెళ్లినప్పుడు మాత్రం ఆగను, నా నోటితోనే చెప్తాను.

ఈలోపు ఇక్కడ రాస్తున్నాను. పదిమంది ముందు అరిచినదాన్ని, పదిమంది ముందే ఒప్పుకోవాలి. ఆరోజు షాపులో ఉన్నవాళ్లెవరైనా ఇది చదివితే, ఆ మాట మీకూ తగిలింది. క్షమించండి.

మావా, నువ్వు చేసిందే కరెక్టు. తప్పు నాది.

వెళ్లు మావా. నా మీద కోపం ఏ మూలన్నా మిగిలుంటే వదిలేసి, నిమ్మళంగా ఉండు.