ఎర్ర రాళ్ల అంచు

ఉమ సంచిలో ఎప్పుడూ ఒక తలకాయ ఉంటుంది. కంగారు పడకండి, ప్లాస్టిక్‌ది. చిన్నపిల్ల తలంత ఉంటుంది. సింగపూర్‌లో పిల్లల పార్కులు తనిఖీ చేయడం ఆవిడ ఉద్యోగం. ఊచల సందులో ఆ తల ఇరుక్కుందా, ఇక అంతే, పార్కుకు తాళం. పాతికేళ్లుగా అదే పని. పెళ్లీ పిల్లలూ కుదరలేదు. ఎందుకని అడిగి అడిగి చుట్టాలే అలిసిపోయారు. సాయంత్రం సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌కి రాగానే ఆ తలను సబ్బుతో కడిగి, తుడిచి, కిటికీ దగ్గర ఆరబెడుతుంది. పేరు మాత్రం పెట్టలేదు. పెడితే తన మీద తనకే జాలేస్తుందని భయం.

నిరుడు వాళ్ల కంపెనీకి, యుద్ధం ముగిసిన ఒక దూరదేశపు నగరంలో పిల్లల పార్కు కట్టే పని వచ్చింది. ప్రతి గీతా ఉమే గీసింది. ఇన్నాళ్లూ ఇంకొకరు కట్టినవాటికి వంకలు పెట్టడమే తప్ప సొంతంగా కట్టింది ఇదొక్కటే. ఆ పిల్లలు అందులో ఆడుకుంటే చాలు, తన బతుకు ఊరికే పోలేదనుకోవచ్చు. అంత ఆశ పెట్టుకుంది పిచ్చిది.

ప్రారంభం రోజు సాయంత్రం, అక్కడ పని చూస్తున్న హైదరాబాదీ ఇంజనీరు మొహ్సిన్ వీడియో కాల్ చేశాడు.

"అక్కా, పిల్లలైతే వచ్చిన్రు. లోపలికి మాత్రం ఒక్కరూ వస్తలేరు."

నలభైమంది పిల్లలు పార్కు అంచు బయటే బారుగా నిలబడి ఉన్నారు. ఉయ్యాలలు ఖాళీగా ఊగుతున్నాయి.

"ఏమైంది? జారుడుబండ మరీ ఎత్తయిందా?"

"అది కాదక్కా. రాళ్లు. ఇక్కడ ఎర్ర రంగేసిన రాయి ఉన్నదంటే దాని అవతల మందుపాతర ఉన్నట్టేనంట. పాతర తీసేసిన జాగాల రాళ్లకు తెల్ల రంగేస్తరంట. ఇప్పుడే ఒక తల్లి చెప్పింది."

అంచు దూరం నుంచే కనబడాలని చుట్టూ రాళ్లకు ఎర్ర రంగు వేయించింది ఉమే. సందులన్నీ మిల్లీమీటర్లలో కొలిచింది. మూలలన్నీ గుండ్రంగా అరగదీయించింది. ఆ పిల్లలు ఏం చూసి పెరిగారో ఒక్కసారైనా అడిగిందా? అడగలేదు. సింగపూర్‌లో కొత్త ఫ్లాట్లన్నిట్లో లాగే ఆవిడ ఫ్లాట్‌లోనూ బాంబులు పడితే దాక్కునే గది ఉంది. అందులో బియ్యం బస్తా, పాత ఫ్యాను పెట్టుకుంది. యుద్ధం గురించి ఆవిడకు తెలిసింది అంతే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"సున్నం దొరుకుతుందా?"

"దొరుకుతది."

"రాళ్లన్నిటికీ కొట్టించు. పిల్లల కళ్ల ముందే కొట్టించు. ఫోన్ పెట్టేయకు."

గంట పట్టింది. ఉమ మంచినీళ్లకు కూడా లేవలేదు. చివరికి ఒక పిల్ల తెల్ల రాయి మీద కాలు మోపి, కాసేపు ఆగి, లోపలికి దూకింది. నేరుగా మెట్లెక్కి ఊచల మధ్య తల దూర్చబోయింది. ఉమ ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. తల పట్టలేదు. ఆ పిల్ల ఇంకోసారి ప్రయత్నించి, నవ్వుకుంటూ జారుడుబండ వైపు పరుగెత్తింది. వెనకాల అందరూ వచ్చేశారు.

"చూసినవా అక్కా?" అంటుండగానే సిగ్నల్ పోయింది.

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలి. ఉమ ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి జరిపింది. ఇంత సంతోషం చెప్పుకోదగ్గ మనిషి ఒక్కరూ కనబడలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తరవాత లేచి, కిటికీ దగ్గర ఆరుతున్న తలను తెచ్చి ఒళ్లో పెట్టుకుంది.

"పట్టలేదమ్మా" అని దానితో చెప్పింది.