చెయ్యి జారలేదు

నా చిన్నప్పుడు నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడూ ఎక్కడికీ పోలేదనుకోండి, కాస్త కిందికి దిగిందంతే. మా మనవరాలి బడిలో వారానికొక పీరియడు కోపం, భయం, ఏడుపు గురించే చెబుతున్నారట. కోపానికి కూడా క్లాసేంటే అని నవ్వాను. నవ్వాక ఆరో తరగతి నాటి ఒక రోజు గుర్తొచ్చింది.

మా నాన్నది తిరువూరు బజారులో చిన్న టైలరు కొట్టు. పిల్లలకు కొత్త గుడ్డ కొని కుట్టే స్తోమత మాకు లేదు. ఆ ఏడు మిగిలిన ముక్కలతో నాకు కుట్టిన గౌనుకు ఒళ్ళంతా నీలం, చేతులు మాత్రం పసుపు. అది వేసుకుంటే నాకు మహారాణిలా ఉన్నాననిపించేది. ఆ రోజు మధ్యాహ్నం బెల్లు కొట్టాక బడి బోరింగు దగ్గర నేను పిడి కొడుతున్నాను, నా పక్క బెంచీ పిల్ల నీళ్ళు తాగుతోంది. వాళ్ళు మామిడి తోటలున్నవాళ్ళు. ఇంటిల్లిపాది బట్టలూ మా నాన్నే కుట్టేవాడు. ఆ పిల్ల మూతి తుడుచుకుంటూ నా వైపు వచ్చి, నా గౌను చెయ్యి రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.

"ఇది మా అమ్మ జాకెట్టు గుడ్డే! మీ నాన్న గుడ్డల దొంగ!" అంది. చుట్టూ ఉన్న పిల్లలంతా గొల్లుమన్నారు.

పిడిని అడుగుదాకా నొక్కి, ఒక్కసారిగా వదిలేశాను. అది ఎగిరి ఆ పిల్ల కంటి మీద కొట్టింది. మొహానికి అడ్డం పెట్టుకున్న వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారింది. ఎవరూ అడగకముందే "చెయ్యి జారింది, చెయ్యి జారింది" అని అరవడం మొదలుపెట్టాను. ఊళ్ళో డాక్టరు కట్టు కట్టి, కన్ను ఉందో పోయిందో తాను చెప్పలేనని, పొద్దున్నే బెజవాడ తీసుకెళ్ళమన్నాడట. ఆ కబురు బడి వదిలేలోపే మా క్లాసుకు చేరింది.

సాయంత్రం మా లెక్కల టీచరమ్మ నన్ను ఆగమంది. చేతిలో బెత్తం లేకుండా ఆవిడని ఎప్పుడూ చూసి ఎరగం. ఆ రోజు దాన్ని బల్ల మీద పెట్టేసి, నా ఎదురుగా పిల్లల బెంచీ మీద కూర్చుంది. దానికి నాకు ఇంకా భయమేసింది. జారిందా, వదిలావా అని అడిగింది. వదిలానన్నాను. ఎందుకని అడిగితే కోపమొచ్చిందన్నాను.

"కోపానికి ముందు ఏమొచ్చింది?" అంది.

అదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. చివరికి సిగ్గేసిందన్నాను. ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది. అప్పుడు నేనెప్పుడూ అనుకోని మాట నా నోట్లోంచి వచ్చింది. "మా నాన్న నిజంగానే దొంగేమోనని భయమేసింది టీచర్." అని భోరున ఏడ్చాను. ఆవిడ ఊరుకోబెట్టలేదు. ఏడుపంతా అయిపోయేదాకా కూర్చుని, లేచి, పద వాళ్ళింటికి అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాళ్ళు బెజవాడ నుంచి వచ్చాక చెబుతానని కాళ్ళావేళ్ళా పడ్డాను.

"కన్ను బాగుందని తెలిశాక ఎవరైనా చెప్తారే. పోయిందని తెలిస్తే నీకసలు నోరే రాదు. ఇవాళే చెప్పు" అంది.

దారి పొడవునా, నేనే కావాలని వదిలాననే మాట నా చేత పలికించింది. అది నన్ను అలా అంది కాబట్టి అని నేను మొదలుపెట్టినప్పుడల్లా నడక ఆపేసి, మళ్ళీ చెప్పమనేది.

వాళ్ళ నాన్న వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. లోపల మంచం మీద ఆ పిల్ల, సగం మొహానికి కట్టు. చెయ్యి జారలేదండీ, నేనే కావాలని వదిలాను, తప్పయిపోయింది అన్నాను. ఆయన లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. టీచరమ్మ నాకు అడ్డం రాలేదు. నా భుజం మీద వేసిన చెయ్యి మాత్రం తియ్యలేదు.

కబురందుకుని మా నాన్న మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. అంతా విన్నాడు. నన్ను కొట్టలేదు. పొద్దున నేనూ వస్తానండి అన్నాడు. నువ్వు రానక్కర్లేదు పొమ్మన్నారు. అయినా తెల్లారగానే కొట్టు మూసి, వాళ్ళెక్కిన బస్సే ఎక్కి, సీటున్నా కూర్చోకుండా వెనకాల నిలబడి వెళ్ళాడట.

ఆ రోజంతా నేను ముద్ద ముట్టలేదు. అల్లాని అడుగుదామంటే అడగడానికి మొహం చెల్లలేదు. పొద్దు వాలాక నాన్న వచ్చి, కన్నుంది, కనుబొమ్మకి కుట్లేశారు అని గుమ్మంలోనే కూలబడిపోయాడు. అప్పుడు గౌను సంగతి అడిగాను. ఆ ముక్క వాళ్ళమ్మే ఇచ్చిందట, మీ పిల్లకి పనికొస్తుందిలే అని. ఒక్క మాట అడిగితే తేలిపోయేదానికి ఒక పిల్ల కన్ను పోగొట్టబోయాను!

వాళ్ళు మళ్ళీ మా కొట్టు మెట్లెక్కలేదు. ఆ పిల్ల బడికైతే వచ్చింది, నా పక్కనే కూర్చుంది, కానీ ఆ ఏడంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన మాట్లాడి తీరాలని ఏముంది?

మొన్న ఒంట్లో బాగాలేని చిరాకులో కోడల్ని, వాళ్ళ పుట్టింటి ఊసెత్తి, అనరాని మాట అన్నాను. ఆమె గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. సర్దుకుపోతుందో, ఇక నా మొహమే చూడదో తెలియదు. తెలిసేదాకా ఆగకూడదని మాత్రం తెలుసు. వెళ్ళి తలుపు కొట్టాను. అరవై దాటినదాన్ని, మనవలున్నదాన్ని, ఆరో తరగతి పిల్లలా అక్కడ నిలబడి, నోరు జారలేదమ్మా, నేనే కావాలని అన్నాను, తప్పయిపోయింది అన్నాను.