లింగక్క మైనం ముంతలు

రెండువేల ఆరులో, వానలు వెనకబట్టాక, అహేరిలో బచత్ గట్, అంటే పొదుపు సంఘం, ఆడవాళ్లకు కొవ్వొత్తులు చేయడం నేర్పిస్తారంటే మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచ నుంచి లింగక్క కూడా సర్కారు ఎస్టీ బస్సెక్కింది. నేర్పే మేడం మరాఠీలో గబగబా చెప్పుకుపోతుంటే లింగక్క ఆ చేతులు చూసి పని పట్టుకుంది. మైనం పేరొక్కటి పక్కనున్నావిడ చెవిలో ఊదింది: "పామ్ మేణ్ అంటే తాటిమైనం."

ఇంటికొచ్చి సంచీలోని తెల్లటి పలుకులు భర్త ముందు పోసింది.

"తాటిచెట్టుకెల్లి తీసిన మైనమట."

భర్త జగ్గయ్య కల్లు గీసే మనిషి. మీసం మొలవకముందే తాటిచెట్లెక్కినవాడు. ఒక పలుకు వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేశాడు.

"నా తాళ్లల్ల మైనముంటే నాకెరుకుండదానే? నిన్నెవరో ఆగం చేసిన్రు."

అన్నాడే గాని, మర్నాడు చెట్టుచెట్టునూ కిందినుంచి మీదిదాకా గీకి చూశాడు. మైనం దొరకలేదు, మోచేతులు దోక్కుపోయాయి.

లింగక్క దగ్గర అచ్చుల్లేవు. మొదట స్టీలు గ్లాసుల్లో పోస్తే మైనం నడుమ గుంటపడి, పక్కలు పగిలాయి. వేడి చాలలేదని, తొందరగా చల్లారిందని అర్థమైంది. ఈసారి బాగా కాగనిచ్చి, భర్త కల్లు పోసిచ్చే మట్టి ముంతల్లో వత్తులు నిలబెట్టి నింపి, వాటిని ఊకగంపలో కూర్చోబెట్టింది. మెల్లగా చల్లారేసరికి పైన ఈకలు పరిచినట్టు చారలు తేలాయి. మురిసిపోయింది. కానీ కొవ్వొత్తి బయటికి రావాలంటే ముంత పగలాలి. పగలగొట్టింది. ఒకటి తర్వాత ఒకటి.

జగ్గయ్య పెంకుల కుప్ప చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఇగ నేను కల్లు దేంట్ల పొయ్యాలె? దోసిట్లనా?"

"దోసిట్లనే పొయ్యి. జర తక్కువ తాగుతరు."

పగలగొట్టని ముంతలు కొన్ని అరుగు మీదే ఉండిపోయాయి. పొద్దుగూకే వేళ మంగయ్య వచ్చాడు. జగ్గయ్య దగ్గర అతనిది రోజూ వాడుకే. తెల్లగా నిండిన ముంతలో ఏదో పుల్ల పడిందనుకుని, తీసేద్దామని వత్తి పట్టి లాగాడు. ముంత మొత్తం లేచొచ్చింది. బోర్లించాడు. చుక్క రాలలేదు.

"ఓ జగ్గన్నా! నీ కల్లు గడ్డకట్టిందే!"

తెల్లారేసరికి బజారంతా అదే మాట. జగ్గయ్య కల్లు పెరుగులా తోడుకుంటుందట, కత్తితో కోసుకుని తినొచ్చట. ఒకరిద్దరు "జర ఓ ముక్క ఇయ్యన్నా" అంటూ వాకిట్లోకే వచ్చారు. జగ్గయ్యకు కోపమూ వచ్చింది, లోలోపల కాస్త గర్వంగానూ ఉంది.

ఆ మాట విని నవ్వుకుంటూ వచ్చింది పక్క వాడ సారక్క. చర్చిలో దీపాల పని ఆమెదే. ముంతను వేళ్లతో తట్టి చూసింది.

"తాటిది కాదక్కా, గిది పామాయిల్ చెట్టు మైనం. ఐనా ముంత ఎందుకు పలగ్గొడ్తున్నవ్? గిట్లనే ముట్టియ్యి. ప్రాణహిత ఏటి గాలికి గూడ ఆరది. క్రిస్మస్‌కు మా చర్చికి గివే కావాలె."

లింగక్క పెంకుల కుప్ప వైపు చూసి నాలుక కరుచుకుంది. కొత్త ముంతలు తేవడానికి జగ్గయ్యే కుమ్మరి ఇంటికి నడిచాడు.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం మైనం ముంతలన్నీ కావడికెత్తుకుని బయల్దేరాడు. వెనకాల లింగక్క. కావడి కనబడగానే దారిలో ఒక్కొక్కరే వెంటపడ్డారు. పండుగపూట కల్లు చర్చి దగ్గరే పోస్తాడేమోనని వాళ్ల ఆశ. కల్లు కాదని చెప్పినా నమ్మలేదు. నేరుగా చర్చి లోపలికొచ్చి వెనక వరసలో కుదురుగా కూర్చున్నారు. ఇంతమంది కొత్తవాళ్లను చూసి పాస్టరు సంతోషం పట్టలేక ప్రార్థన మరింత సాగదీశాడు. మధ్యలో లేచిపోవడానికి వాళ్లకు మొహం చెల్లలేదు.

అంతలో కరెంటు పోయింది. సారక్క ముంతలు ముట్టించింది. మట్టి అంచుల్లోంచి పసుపుపచ్చటి వెలుగు గోడల మీద పరుచుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ లింగక్క చెవిలో జగ్గయ్య గొణిగాడు.

"ఏం చెట్టుదైతేంది గాని, మంచిగ మండుతున్నదే."