గవ్రోన్ గారి చలికాలం ప్రశ్న

ప్రొఫెసర్ గవ్రోన్ గారి దగ్గర ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. విస్లా నది ఒడ్డునున్న ఆ విశ్వవిద్యాలయంలో ఎవరు ఏ విషయంలో డాక్టరేటు కోసం నిలబడినా సరే, ఆయన మొదటి వరసలో కూర్చుని, అంతా విని, చివర్లో చెయ్యెత్తి అదే అడుగుతారు: "అంతా బాగుంది. మరి చలికాలంలో సంగతేమిటి?"

ఆయన జీవితమంతా మట్టి గురించి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మట్టి గురించి ఆ ప్రశ్న అడిగితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. చిక్కల్లా అక్కడ డాక్టరేటు పరీక్ష తలుపులు తెరిచి జరపడం వల్ల వచ్చింది. బోర్డు మీద తేదీ పెడతారు, దారినపోయే మనిషైనా లోపలికొచ్చి ప్రశ్న వెయ్యవచ్చు. ఈ నియమాన్ని మనస్ఫూర్తిగా పట్టించుకున్న మనిషి పోలండ్ మొత్తానికి గవ్రోన్ గారొక్కరే.

తేనెటీగల మీద పనిచేసిన అమ్మాయి సులువుగా బయటపడింది. సంఖ్యల మీద పనిచేసిన కుర్రవాడు మాత్రం తన లెక్కల వంక ఇంకోసారి చూసుకున్నాడు.

"చలికాలంలోనూ సంఖ్యలు అలాగే ఉంటాయండీ."

"ఖాయమేనా?"

"నిరూపించానండీ."

"హమ్మయ్య. ఒక బెంగ తీరింది," అంటూ గవ్రోన్ గారు కూర్చున్నారు.

తత్వశాస్త్రం విద్యార్థి ఒకడు కాలమన్నదే లేదని ఏళ్ళ తరబడి శ్రమించి తేల్చాడు. "అయితే చలికాలం కూడా లేనట్టేనా?" అన్నారు ఈయన. లేనట్టేనన్నాడతను. గవ్రోన్ గారు సంతోషంగా మఫ్లర్ విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. కాసేపటికి తుమ్మారు.

మనస్తత్వ శాస్త్రంలో ఇర్మినా వంతు వచ్చింది. చీకటి నెలల్లో మనుషుల్ని పట్టుకునే దిగులు ఆమె విషయం. చలికాలం అనగానే గట్టు తెంచుకున్న కాలువలా మాట్లాడింది. అధ్యక్షస్థానంలో ఉన్న డీన్ లిపెట్స్కా చివరికి, "ఇర్మినా గారూ, మీరు చెబుతుండగానే వసంతం వచ్చేసేలా ఉంది," అని ఆపవలసి వచ్చింది.

ఒకసారి గదులు మారాయి. గవ్రోన్ గారు చూసుకోకుండా భవనాలను వెచ్చగా ఉంచే బాయిలర్ పనికి మనిషిని తీసుకునే ఇంటర్వ్యూలో వెళ్ళి కూర్చున్నారు. అంతా శ్రద్ధగా విని, చెయ్యెత్తి తన ప్రశ్న అడిగారు. ఇన్నాళ్ళకు ఆ ప్రశ్న తన సొంత గూటికి చేరింది. ఆ మనిషికి ఉద్యోగం ఖాయమైంది. గవ్రోన్ గారు అతని చెయ్యి పట్టుకుని ఊపుతూ, "అభినందనలు డాక్టర్ గారూ. కేకు ఏ గదిలో పెట్టారు?" అన్నారు. బాయిలర్ గదిలో ఇప్పటికీ అతన్ని అందరూ డాక్టరనే పిలుస్తారు.

పరీక్ష గట్టెక్కినవాళ్ళు తిండి పెట్టడం అక్కడి ఆనవాయితీ. ముసలాయన వచ్చేది గసగసాల కేకు కోసమేనని చాలామంది నమ్మకం. కేకు తినేవారన్నది నిజమే. తిన్నాక ప్రతివాళ్ళ దగ్గరికీ వెళ్ళి, "చాలా ధన్యవాదాలు. ఈ సంగతి గురించి ఒకరు ఆలోచిస్తున్నారని నాకిన్నాళ్ళూ తెలీదు," అని చెప్పేవారన్నది కూడా అంతే నిజం. కేకుకు అంత పెద్ద వందనం ఎవరూ చెయ్యరు.

ఇక బొగ్నా సంగతి. ఆమె సాహిత్యంలో కొండపల్లెల జోలపాటల మీద పరిశోధన చేసింది. పుస్తకాల మధ్య ఆమెకు ఎదురులేదు. మనుషుల మధ్య మాత్రం గొంతు పెగలదు. రొట్టెల దుకాణంలో కూడా తనకు కావలసిన రొట్టెను వేలితో చూపించి, వేరే రొట్టె ఇచ్చినా తీసుకుని వచ్చేసే రకం. పరీక్షకు ముందు వారం నిద్రలేదు. అక్కడ నోరు పడిపోతే ఇన్నేళ్ళ చదువూ నీళ్ళపాలే.

"పరీక్షించే మాలెక్ గారు ఏమడుగుతారో ఆ దేవుడికే తెలియాలి," అంది ఆమె స్నేహితురాలు ఇర్మినా. "గవ్రోన్ గారు ఏమడుగుతారో ఊరందరికీ తెలుసు. కనీసం దానికన్నా తయారవ్వవే."

"జోలపాటకి చలికాలమేమిటే?"

"నన్నడుగుతావేం? పరిశోధకురాలివి నువ్వు."

ఏడవలేక నవ్వుతూ బొగ్నా పాటలన్నీ మళ్ళీ తిరగేసింది.

పరీక్షనాడు పరీక్షకుడు మాలెక్ గారు కళ్ళజోడు సర్దుకుని నెమ్మదిగా అడిగారు. "ఈ పాటలు తల్లులవే అంటున్నారు. సేకరించినవాళ్ళంతా మగవాళ్ళు. వాళ్ళు కూర్చుని రాసినవి కావని మీకెలా తెలుసు?"

బొగ్నాకు జవాబు తెలుసు. కానీ గొంతులో ఎవరో తలుపు వేసి గడియ పెట్టినట్టయింది. నీళ్ళు తాగింది. గ్లాసు ఖాళీ అయినా తాగుతూనే ఉంది. ఇర్మినా తల వంచుకుంది. డీన్ లిపెట్స్కా గడియారం వంక చూశారు.

గవ్రోన్ గారు లేచి నిలబడ్డారు.

"నాదొక చిన్న సందేహం."

"ప్రొఫెసర్ గారూ, సభలోవాళ్ళ ప్రశ్నలు చివర్లో," అన్నారు డీన్.

"చివరిదాకా ఆగితే మర్చిపోతానమ్మా. వయసైపోయింది."

హాలంతా గొల్లున నవ్వింది. ఆ ప్రశ్న మర్చిపోతే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుందని. ఆ నవ్వులోనే ఆయన బొగ్నా వైపు తిరిగి అడిగారు. "పాటలు బాగున్నాయి తల్లీ. మరి చలికాలంలో సంగతేమిటి?"

"చలికాలంలో..." అంది బొగ్నా. అది తన గొంతేనని తెలియడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. "చలికాలం పాటలు పొడుగ్గా ఉంటాయండీ. బయట గాలి హోరు తగ్గేదాకా పాడాలి. అంతసేపు ఎత్తుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. అందుకని పాట మధ్యలో లయ తప్పే చోటొకటి ఉంటుంది. అక్కడ బిడ్డని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటారు."

ఆమె చేతులు వాటంతటవే లేని బిడ్డను ఎత్తుకుని మార్చుకున్నాయి. తర్వాత ఎవరూ పిలవకుండానే మాలెక్ గారి వైపు తిరిగింది. "సేకరించిన పెద్దమనిషి అది తప్పనుకుని దిద్దేశాడండీ. ఆయన రాతప్రతిలో ఆ దిద్దుబాటు చూశాను. బిడ్డని ఎత్తుకున్న మనిషైతే అక్కడ దిద్దదు."

మాలెక్ గారు కళ్ళజోడు తీసి, "ఇంకా చెప్పండి," అన్నారు. ఆ తర్వాత బొగ్నాను ఆపడమే కష్టమైంది.

గండం గడిచాక ఆమె కేకులో పెద్ద ముక్క కోసి కిటికీ దగ్గర ఒంటరిగా ఉన్న గవ్రోన్ గారికి తీసుకెళ్ళి ఇచ్చింది.

"మీకు చలికాలమంటే అంత ఇష్టమా ప్రొఫెసర్ గారూ?"

"ఇష్టమా? మోకాళ్ళు కదలవు తల్లీ. నవంబరు నుంచీ తిట్టుకుంటూనే ఉంటాను."

"మరి ఎప్పుడూ అదే అడుగుతారేం?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నా పరీక్షలో నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటీ రాలేదు. మొదట ఒక్కటొచ్చి ఉంటే నిలదొక్కుకునేవాణ్ణి. మళ్ళీ ఇంకోసారి నిలబడాల్సొచ్చింది. లోపలికొచ్చే మనిషి చేతిలో ఒక్క జవాబన్నా ఉండాలమ్మా."

"అప్పుడప్పుడూ మార్చి అడగొచ్చుగా?"

"మారిస్తే ముందే ఎలా తెలుస్తుంది?" అన్నారాయన, ఇంతమాత్రం తెలియదా అన్నట్టు. "ఇది బయటికి రానివ్వకు. సాయం చేస్తున్నానని తెలిస్తే మొహమాటపడతారు. వెర్రనుకుంటేనే తయారవుతారు."

బొగ్నా మళ్ళీ కేకు దగ్గరికి వెళ్ళొచ్చింది. ఆయన చేతిలోని పళ్ళెంలో ఇంకో ముక్క పెట్టింది.

కొన్నాళ్ళకు, పిడుగుల మీద పనిచేస్తున్న భౌతికశాస్త్రం అమ్మాయి ఒకతె లైబ్రరీలో ఆమె దగ్గరికి నవ్వుతూ వచ్చింది. "అక్కా, వచ్చేవారం నా పరీక్ష. ఆ ముసలాయన నన్ను కూడా అదే అడుగుతాడంటావా?"

"అదే అడుగుతారు," అంది బొగ్నా. "కాస్త వెర్రి మనిషి." పక్కనున్న కుర్చీ లాగి, చదువుతున్న పుస్తకం మూసింది. "కూర్చో. ఏదీ చెప్పు, చలికాలంలో పిడుగులు పడతాయా?"