కామెంట్ కింద పేరు

జ్యోత్స్నది గార్ల. జనగామలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మూడేళ్లుగా పనిచేస్తోంది. వాళ్లింట్లో నెల జీతం మొహం చూసిన మొదటి మనిషి. పని నేర్పింది సీనియర్ శివప్రసాద్. అతన్ని నోరారా అన్నా అని పిలిచేది, అతను చెల్లె అనేవాడు. ఆ పిలుపును నమ్మింది పిచ్చిపిల్ల.

పత్తి మిల్లుకు రైతులు ఏ వరుసలో రావాలో టోకెన్లిచ్చే ప్రోగ్రాం వాళ్లిద్దరూ చేసిందే. మొదటి ఏడే ఆమె ఒక లోపం పట్టుకుంది. ఒక్కరోజులో రెండొందల టోకెన్లు దాటితే నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి.

"జర ఆగు చెల్లె. ముందుగాల నడవనీ. కామెంట్ రాసి పెట్టు, తర్వాత చూద్దాం," అన్నాడతను.

కామెంటంటే ప్రోగ్రాం మధ్యలో మనుషుల కోసం రాసుకునే మాట. కంప్యూటర్ దాన్ని పట్టించుకోదు. ఆ మాటకొస్తే శివప్రసాదూ పట్టించుకోలేదు. 'ఇది తాత్కాలికం, సరిచేయాలి' అని రాసి కింద తన పేరు పెట్టింది జ్యోత్స్న. ఆపమన్నది ఎవరో రాయలేదు. తప్పు పక్కన పెద్దవాళ్ల పేరు పెట్టడం మర్యాద కాదనుకుంది. ప్రతి సీజన్‌కూ అడిగింది. ప్రతిసారీ తర్వాతే. అలాంటి కామెంట్లు నలభై దాటాయి, అన్నింటి కిందా ఆమె పేరే.

ఈ నవంబరులో ఒకరోజు టోకెన్లు రెండొందలు దాటాయి. పెద్దవంగర రైతు ఎర్రయ్య, స్టేషన్ ఘన్‌పూర్ రైతు ఇంకొకరు ఒకే నంబరు పట్టుకుని మిల్లు గేటు దగ్గర కలబడ్డారు. అలాంటి జంటలు ముప్పై. ట్రాక్టర్లు కదల్లేదు. మధ్యాహ్నం వాన పడి పత్తి తడిసి ముద్దయింది.

మర్నాడు ఆఫీసు యజమాని రామచంద్రం అందరినీ కూర్చోబెట్టాడు. శివప్రసాద్ ఆ కామెంటును తెర మీద పెద్దగా చూపించి చదివాడు.

"ఎరుకుండే వదిలిపెట్టింది సార్. కింద పేరు చూడుండ్రి."

"నువ్వే గద అన్నా ఆగమన్నది!" అంది జ్యోత్స్న.

"నేనా? ఏడ రాసున్నది?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అంతకంటే ఎక్కువగా ఏడుపొచ్చింది. రేపటి నుంచి రావద్దన్నాడు యజమాని. పోయేముందు ఆ లోపాన్ని సరిచేసి పొమ్మన్నాడు. నేనెందుకు చేయాలి అనుకుంది. కానీ తెల్లారితే మళ్లీ రైతులు బండ్లు కట్టుకుని వస్తారు. కళ్లు తుడుచుకుని కూర్చుంది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది.

వెనక నిలబడి చూస్తున్న శివప్రసాద్ ఆశ్చర్యపోయాడు.

"గింతేనా చెల్లె? మరి అప్పుడే చేసేస్తే అయిపోతుండె గద!"