మోకాలు నొప్పి అని చెప్పిన రవీందర్

మాదాపూర్‌లోని ఒక అద్దాల టవరు గేటు దగ్గర రవీందర్ పదకొండేళ్లుగా కాపలా కాస్తున్నాడు. వచ్చినవాళ్లను అడిగేది రెండే మాటలు: "ఎవరిని కలవాలె? ఏం పని?" జవాబు చెబుతూ చూపు పక్కకు తిప్పారంటే చాలు, అబద్ధమని ఇట్టే పసిగట్టేస్తాడు.

ఆ రవీందర్‌కే, నలభై ఆరేళ్ల వయసులో, ఎవరికీ చెప్పుకోలేని కష్టం వచ్చిపడింది. ఏడాదిగా భార్య నీలమ్మ పక్కన పడుకుంటే ఒళ్లు మాట వినడం లేదు. మొదట అలసట అనుకున్నాడు. తర్వాత భయం పట్టుకుంది. నడుము పట్టేసిందని చెప్పి మంచం వదిలి చాప మీదికి మారాడు. హఫీజ్‌పేట్‌లో వాళ్లది ఒకే గది ఇల్లు. అంత చిన్న గదిలోనూ మొగుడూ పెళ్లాలు ఎడమొహం పెడమొహంగా బతకొచ్చని వాళ్లకు అప్పుడే తెలిసింది. ఆ మధ్య ఒకరోజు స్నానానికి వెళ్తూ, "నెలకో సబ్బు మారుస్తున్నవ్, ఏంది నీ లొల్లి?" అని ఆమెను విసుక్కున్నాడు కూడా.

చెప్పుకుంటే సిగ్గు, దాచుకుంటే దుఃఖం. అలాంటివాళ్ల కోసమే కాచుకుని ఉన్నట్టు రోడ్డు పక్కన ఒక డేరా వెలిసింది. అందులోని మనిషి నాడి పట్టుకుని, "చిన్నప్పటి తప్పులు" అని తలాడించి ఏదో పొడి పొట్లం కట్టిచ్చాడు. షుగర్ ఉందా అని అడగలేదు, బీపీ చూడలేదు. నలభై రోజులు మింగితే కడుపులో మంట తప్ప ఏమీ మిగల్లేదు. సాటి మనిషి సిగ్గు మీద బతికేవాళ్లకు పుట్టగతులుండవు.

ఒక సాయంత్రం నీలమ్మ బ్యాగు సర్దుతూ కనిపించింది.

"అక్క దగ్గరికి పోత. బయట ఎవరన్న ఉంటే చెప్పు, నేను అడ్డం రాను."

"ఆదివారం దాక ఆగు" అని మాత్రం అన్నాడు రవీందర్.

మర్నాడే సెలవు పెట్టి పెద్ద ఆసుపత్రికి వెళ్లాడు. వెనక పదిమంది నిలబడి ఉండగా కౌంటరులోని అమ్మాయి గట్టిగా అడిగింది: "ఏం ప్రాబ్లమ్ అండి?"

రవీందర్ చూపు పక్కకు తిప్పాడు. "మోకాలు నొప్పి."

అలా ఎముకల డాక్టరు ప్రియదర్శిని గదిలో తేలాడు. ఆవిడ కాలు మడిచి, చాచి, నొక్కి చూసింది.

"మోకాలు బాగానే ఉందండి. నిజంగా ఏం పని మీద వచ్చారు?"

రోజుకు వందసార్లు తను అడిగే ప్రశ్న. రవీందర్ తలుపు వైపు చూశాడు. మూసే ఉంది. తల వంచుకుని, మోకాలికే చెబుతున్నట్టు, అంతా చెప్పేశాడు.

ఆవిడ నవ్వలేదు. "ఆ పొడి ఇవాళే మానేయండి. పై అంతస్తులో యూరాలజీ డాక్టరుగారు ఉన్నారు, ఆయన రోజూ చూసే జబ్బే ఇది. నేను చీటీ రాసిస్తాను, కౌంటర్‌లో ఏమీ చెప్పక్కర్లేదు" అంది.

పై అంతస్తు డాక్టరు చాలాసేపు ప్రశ్నలడిగి, రక్త పరీక్ష చేయించాడు. షుగర్ మూడు వందలు దాటింది.

"షుగర్ మీ రక్తనాళాలను దెబ్బతీస్తోందండి. ఆ సంగతి ఒళ్లు ముందుగా పడక దగ్గర చెప్పింది. ఊరుకుంటే రేపు గుండెకు ముప్పు రావచ్చు. షుగర్ అదుపులో పెడదాం. గుండె పరీక్ష చూశాక దీనికీ మందు రాస్తాను. మీ ఆవిడకు తెలుసా?"

"తెల్వది సార్."

"ముందు ఆమెకు చెప్పండి."

ఇంటికొచ్చేసరికి బ్యాగు గుమ్మం పక్కనే ఉంది. రవీందర్ పరీక్ష కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు.

"బయట ఎవ్వరు లేరు నీలమ్మా. నాకు రోగం. సిగ్గయి చెప్పలే."

అతను చెప్పిందంతా నీలమ్మ నిలబడే విన్నది. విని, గోడకు ఆనుకుని కూలబడింది.

"నా ఒంటి వాసన నీకు గిట్టుతలేదేమో అనుకున్న. గందుకే గన్ని సబ్బులు మార్చిన" అంది, వెక్కుతూ.

గేటు దగ్గర ముక్కూ మొహం తెలియని వాళ్ల కళ్లలోకి చూసి నిజం పట్టే రవీందర్, ఈ ఏడాదిలో ఒక్కసారైనా ఈమె కళ్లలోకి చూసింది లేదు. ఆమె పక్కనే కూర్చుని తనూ ఏడ్చాడు.

కాసేపటికి నీలమ్మ లేచి బ్యాగులోంచి చీరలు తీయడం మొదలుపెట్టింది. రవీందర్ చాప చుట్టి మూలన నిలబెట్టాడు.